డొల్ల బండ చప్పుడు

తెర మీద సదయ్య నోరు మూసుకున్నాక ఆయన మాట వినిపిస్తోంది. "దీని కింద నిలబడద్దు బిడ్డా" అనేసి, పక్కకు జరిగి, తువ్వాలతో మెడ తుడుచుకుంటున్నప్పుడు తీరిగ్గా వస్తోంది మాట, షిఫ్టు మొదలైన గంటకు వచ్చి మస్టర్‌లో హాజరు వేయమని బతిమాలే మనిషిలాగా. యమున వీడియోను వెనక్కి లాగింది. మళ్లీ నడిపింది. మొదటి నిమిషంలో మాటా మూతీ కలిసే ఉన్నాయి. మూడో నిమిషానికి కొంచెం జారాయి. పదో నిమిషానికి రెండు సెకన్ల ఎడం.

"ఇది నా పానం తీసేటట్టే ఉన్నది" అంది పైకే.

పొద్దున తొమ్మిదింటికి కూర్చుంటే పదకొండు దాటింది. సాఫ్ట్‌వేర్ మూసి తెరిచింది. కంప్యూటర్ ఆపి మళ్లీ వేసింది. పాత ఫైళ్ల చెత్తంతా తుడిచేసింది. ప్రాజెక్టు మొత్తం కొత్తగా మొదలుపెట్టి చూసింది. ఏం చేసినా సదయ్య మాట సదయ్య కంటే వెనకే నడుస్తోంది. సాయంత్రం ఐదింటికి కాలనీ కమ్యూనిటీ హాల్లో ఈ వీడియో చూపించాలి. కూర్చుంటే కాలు నిలవదు, లేస్తే పని నడవదు. మే నెల ఎండకు స్టూడియో మేడ మీది రేకుల గది పెనంలా కాలుతోంది, కూలర్‌లో నీళ్లు అయిపోయి ఉత్త వేడిగాలే కొడుతోంది.

ఆ స్టూడియో గోదావరిఖని లక్ష్మీనగర్‌లో సదానందానిది. ఆయన ఫోటోలూ వీడియోలూ తీస్తాడు, ఆరేళ్లుగా యమున వాటిని కోసి అతికిస్తుంది. పెళ్లిళ్లు, పుట్టువెంట్రుకలు, చీర కట్టించే ఫంక్షన్లు, ఇవే వాళ్ల లోకం. ఈసారి మాత్రం వేరే పని వచ్చింది. సదయ్య బొగ్గుబాయిలో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరైన సర్దార్. ప్రతి షిఫ్టుకూ అందరికంటే ముందు లోపలికి వెళ్లి, తల మీద వేలాడే బండను కర్రతో కొట్టి, ఆ చప్పుడు విని ఇది గట్టిది, ఇది డొల్లది అని చెప్పడం ఆయన పని. గట్టిదైతే కింద పని చేస్తారు. డొల్లదైతే, అంటే పైపొర విడిపోయి ఉంటే, అది ఎప్పుడు ఎవరి మీద పడుతుందో చెప్పలేం. కొత్తగా నౌకరీల్లో చేరుతున్న పిల్లలకు ఆ చప్పుడు వినిపించాలని ఆయనకూ, రిటైరైన నలుగురు దోస్తులకూ అనిపించింది. బాయిలోకి ఫోన్లూ కెమెరాలూ పోనివ్వరు. అందుకని ఊరవతల గుట్టకు వెళ్లి, అక్కడ చూరులాగా ముందుకు వంగిన రాతి చరియ కింద సదయ్య కర్ర పట్టుకుని నడుస్తుంటే సదానందం తన కొత్త ఫోనుతో తీశాడు. చప్పుడు కోసం ఒక చిన్న రికార్డర్‌ను సదయ్య అంగీ జేబులో పెట్టారు. పది నిమిషాలు, అరవై నాలుగు దెబ్బలు.

సదానందం కింది నుంచి మెట్లెక్కి వచ్చాడు. "ఇంకా కాలేదా చెల్లె?"

"మాట జారుతున్నదన్నా. ఎట్ల పెట్టినా జారుతున్నది."

"జారితే జారనియ్. మీదికెల్లి ఒక పాట పెట్టు. పెండ్లి వీడియోల తాళి కట్టినంక మేళం వస్తది, ఎవడన్న అడిగిండా ఇప్పటిదాంక?"

"ఇది పెండ్లి కాదన్నా."

"సదయ్య కాక నోటి దిక్కు ఎవడు చూస్తడే, అందరు కర్ర దిక్కే చూస్తరు" అని సదానందం నవ్వుకుంటూ కూలర్‌లో బిందెడు నీళ్లు పోసి దిగిపోయాడు. మంచివాడే, కాకపోతే లోకంలోని ప్రతి రోగానికీ ఆయన దగ్గర ఒకటే మందు, పాట.

దెబ్బల బాధ నిన్ననే తీరిపోయింది, అదొక్కటే యమునకు ఊరట. మొన్న చూసినప్పుడు కర్ర ఇక్కడ తగిలితే చప్పుడు ఎక్కడో వస్తోంది. పైగా కొన్ని చప్పుళ్లు బాగా రాలేదు. కొన్ని ఖంగుమని గుడిగంటలా పలికితే, కొన్ని చచ్చుగా, మట్టి గోడ మీద పిడికిలితో గుద్దినట్టు, వెనకాల ఏదో సన్నగా గరగరమంటూ వచ్చాయి. రికార్డర్ జేబులో ముడుచుకుపోయి ఉంటుంది అనుకుంది. మేళంలో ఒక డోలు దెబ్బ సరిగా పడకపోతే బాగా పడినదాన్ని తెచ్చి అతికించడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. అన్నిటికన్నా బాగా పలికిన ఖంగును ఏరుకుంది. దాన్నే అరవై నాలుగు చోట్ల, కర్ర బండకు తగిలిన క్షణం చూసి, ఒక్కొక్కటిగా అతికించింది. రెండు రోజులు పట్టింది. అయిపోయాక వింటే ఆమెకే ముచ్చటేసింది.

ఆ ముచ్చటలోనే ఉపేందర్‌కు పంపింది. ఉపేందర్ ఆమె భర్త, మేనత్త కొడుకు. రామగుండం స్టేషనుకూ గోదావరిఖనికీ మధ్య ఆటో నడుపుకునేవాడు. బాయిలో పనిచేసే యమున తండ్రి బుచ్చన్నకు నడుము పోయి మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేసినప్పుడు, కొడుకులు లేరు కనుక ఆ నౌకరి అల్లుడికి వస్తుందన్నారు. ఆకాశం కనబడని చోట పని చేయలేనని ఉపేందర్ వద్దన్నాడు. "నాకు మీద మొగులు కనబడాలె యమునా, లేకుంటే ఊపిరాడది" అన్నాడు. యమున వినలేదు. నెల రోజులు పోరి పోరి, ఆటో అమ్మించి, కాగితాల మీద సంతకం పెట్టించింది. ట్రైనింగు నిన్నటితో ముగిసింది. ఈ రోజే మొదటి డ్యూటీ, రెండో షిఫ్టు. మూడింటికి బాయి లోపలికి దిగుతాడు. అందుకే సాయంత్రం హాల్లో వీడియో చూసే అదృష్టం అతనికి లేదు, అందుకే ముందుగా పంపింది. ఆమె కాలు నిలవకపోవడానికి సదయ్య మూతి ఒక్కటే కారణం కాదన్నమాట.

పదకొండున్నరకు జబ్బు దొరికింది. ఎవరో కుర్రాడు తన ఛానెల్లో చెప్పాడు. ఫోను కెమెరా సెకనుకు ముప్పై బొమ్మలు తీస్తానంటుంది కానీ తీయదు. ఎండకు వేడెక్కితే ఎప్పుడో ఒక సెకనులో ఇరవై ఎనిమిది, ఇంకెప్పుడో ఇరవై ఆరు తీస్తుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం ముప్పై ఉన్నాయనే లెక్కతో నడిపేస్తుంది. చప్పుడు రికార్డర్‌లో సరిగానే ఉంటుంది, బొమ్మ దానికంటే ముందుకు జారుకుంటూ పోతుంది. చప్పుణ్ణి ఎంత కోసినా లాభం లేదు. ముందు వీడియోను సెకనుకు సరిగ్గా ముప్పై ఉండేటట్టు మార్చుకోవాలి, ఆ తర్వాతే పనిలో పెట్టాలి. ఇంతే. రెండు రోజులు తను తిన్న తిప్పలన్నీ ఈ ఒక్క ముక్క తెలియక తిన్నవే. యమునకు తన మీద తనకే ఒళ్లు మండింది.

పాత కంప్యూటరు ఆ మార్పు చేయడానికి గంటకు పైగా మూలిగింది. మధ్యలో ఒకసారి కరెంటు పోయింది, యూపీఎస్ కీచుకీచుమని అరిచింది, యమున లేచి నిలబడి దేవుళ్లందరికీ మొక్కింది, కరెంటు వచ్చింది. పన్నెండూ యాభైకి పని పూర్తయింది. రికార్డర్‌లోని అసలు చప్పుడు తెచ్చి, మొదటి దెబ్బ దగ్గర కలిపి వదిలింది. పదో నిమిషం దాకా మాటా మూతీ, కర్రా బండా అన్నీ అతుక్కుని నడిచాయి. చేత్తో ఒక్కటి కూడా అతికించక్కర్లేదు. అయినా పాత చచ్చు దెబ్బలు వినడానికి మనసు రాలేదు. మాటలు అసలువి ఉంచి, దెబ్బల మీద మాత్రం తన ఖంగులనే మళ్లీ పరిచింది.

ఒకటిన్నర దాటాక సదయ్య వచ్చాడు. రైలింగు పట్టుకుని మెట్లెక్కి, చెప్పులు బయట విడిచి, కుర్చీలో కూర్చున్నాడు. వీడియో మొదలు కాగానే కళ్లు మూసుకున్నాడు.

"కండ్లు తెరువు కాక, నీ బొమ్మే ఉన్నది" అంది యమున నవ్వుతూ.

"నా మొఖం నాకెరుకే బిడ్డా. చెవుల పని చెవులను చెయ్యనియ్."

ఖంగు, ఖంగు, ఖంగు. "ఇది గట్టిది" అన్నది తెర మీది సదయ్య గొంతు. ఖంగు, ఖంగు. "ఇది డొల్లది. దీని కింద నిలబడద్దు బిడ్డా." కుర్చీలోని సదయ్య కళ్లు తెరిచాడు.

"ఆపు. గిదేంది?"

"ఏమైంది కాక? మాట మంచిగనే వస్తున్నది కదా."

"మాట సంగతి కాదు. డొల్లది అన్న తాన గట్టిది కొట్టినట్టున్నది. మల్ల పెట్టు." మళ్లీ విన్నాడు. తల అడ్డంగా ఊపాడు. "ఇది గట్టి బండ. దీని కింద నేను సద్ది ఇప్పుకొని తిని, జరసేపు ఒరుగుత గూడ. నేను కొట్టిన డొల్ల బండ ఏడవోయింది?"

యమున అప్పటికీ గ్రహించలేదు. "కొన్ని దెబ్బలు సరిగ రాలేదు కాక. చప్పుడు చచ్చినట్టున్నది, వెనకకెల్లి గరగర అంటున్నది. అవన్ని తీసేసి మంచియి పెట్టిన."

సదయ్య ఆమె వైపు చూశాడు. కోపం రాలేదు ఆయనకు, వస్తే బాగుండేది. "చచ్చినట్టున్నదే డొల్లది బిడ్డా. ఆ గరగరనే బండ ఇడిసిపెట్టిన గుర్తు. గది ఇందామనే కదా నేను గా గుట్టెక్కింది."

యమున మౌసు లాక్కుంది. గబగబా అసలు చప్పుణ్ణి వెతికి నడిపింది. ఖంగు, ఖంగు, ఆ తర్వాత బొద్, గర్ర్. బొద్, గర్ర్. "గిదీ" అన్నాడు సదయ్య వేలు ఎత్తి. ఇరవై ఏడు. తను పాడైపోయాయని ఏరి పారేసిన దెబ్బలు ఇరవై ఏడు, అవే ఈ వీడియో. తను ఉంచింది ఉత్త గంట మోత.

"పోనియ్, అసలుది ఉన్నది కదా. ఐదు గంటలకు ఇంక మస్తు టైమున్నది" అన్నాడు సదయ్య, పిల్ల మొహం చూసి.

కానీ యమున చెవిలో వేరే మాట మోగుతోంది. నిన్న రాత్రి అన్నం ముందు ఉపేందర్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, చీపురుకట్టతో గోడను కొట్టుకుంటూ అన్న మాట. "మొదట ఏం తెల్వలేదే. పది సార్లు ఇన్నంక దొరికింది. డొల్లదాని ఖంగు జర సన్నగుంటది. తేడా మస్తు చిన్నది, అయినా నా చెవికి పట్టుబడ్డది." ఆమె మురిసిపోయింది. ఆటో ఇంజను చప్పుడు వినే ఏ నట్టు వదులైందో చెప్పేవాడు కదా, చెవి మంచిది అనుకుంది. రెండూ ఒకటే చప్పుడు. ఒకే చప్పుణ్ణి అరవై నాలుగు సార్లు విని, లేని తేడాను కనిపెట్టి, దాన్ని నమ్ముకుని బాయిలోకి దిగబోతున్నాడు మనిషి.

"కాక, కొత్తోళ్లు గూడ బండ చూస్తరా?"

"మొదటి దినమే కర్ర ఎవడియ్యడు బిడ్డా, సర్దారే చూస్తడు." అబద్ధం చెప్పడం సదయ్యకు చేతకాదు. "గాని షిఫ్టు నడిమిట్ల బండ మాటిమాటికి పలుకుతది. సర్దారు ఆ మూలకుంటడు, నువ్వు ఈ మూలకుంటవ్. గప్పుడు నీ చెవే నీకు సర్దారు. నాకు తెలుసు అనుకునేటోని కన్నా తెల్వనోడే నయం, వాడు భయపడి జరుగుతడు."

యమున ఫోను తీసింది. ఉపేందర్ ఫోను ఇంట్లో మోగింది, బుచ్చన్న ఎత్తాడు. "ఫోను ఈన్నే పెట్టిపోయిండు బిడ్డా, లోపటికి పోనియ్యరు కదా. రెండున్నరకల్ల మస్టర్ అని జల్ది పోయిండు." అప్పటికి రెండూ పది. అసలు చప్పుడుతో పది నిమిషాల ఫైలును ఫోనులోకి ఎక్కించబోతే బయటికి రావడానికి ఇరవై నిమిషాలు అని చూపించింది కంప్యూటరు. యమున దాన్ని అట్లాగే వదిలేసింది.

"సదానందన్నా, పైన మిషిని నడుస్తున్నది, ముట్టకు! పాట గీట పెట్టకు!" అని కేక వేస్తూ మెట్లు దిగింది. స్కూటీ సీటు కాలిపోతోంది. సదయ్య వెనక కూర్చుని ఒక చేత్తో ఆమె భుజం, ఒక చేత్తో తన తువ్వాల పట్టుకున్నాడు. రోడ్డు మీద బొగ్గు లారీ ఒకటి అడ్డంగా తిరుగుతూ దారి ఇవ్వలేదు. యమున దాని డ్రైవర్‌ను, తనను, ఆ సంతకాన్ని, ఆ ఖంగును, అన్నిటినీ వరసపెట్టి తిట్టింది. ఏడుపు వస్తోంది, ఏడిస్తే దారి కనిపించదని ఆపుకుంది. మొగులు కనబడాలె అన్న మనిషిని తనే లోపలికి తోసింది. తోసింది చాలక, తప్పు నేర్పిన చెవినిచ్చి పంపింది.

బాయి గేటు దగ్గర కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. "అమ్మా, లోపటికి పోరాదు" అన్నవాడు వెనకాల సదయ్యను చూసి చెయ్యి దించాడు. "సర్దార్ సాబ్! ఏందిట్ల ఎండల?"

"బుచ్చన్న అల్లుడు, కొత్తగ వచ్చిండు. లోపటికి దిగిండా?"

"లాంపు రూము తాన ఉన్నరు. ఇగ పోతరు."

లాంపులు తీసుకుని మనుషులు వరసగా బయటికి వస్తున్నారు. కొత్త బూట్లు కరకరమంటుంటే, టోపీ నుదుటి మీదకు జారుతుంటే ఉపేందర్ వచ్చాడు. ఆమెను చూసి మొహం తెల్లబడింది. "ఏమైంది? మామకు ఏమన్న అయిందా?"

"నాయినకేం కాలే. వీడియో తప్పు బావ. అండ్ల దెబ్బలన్ని ఒక్కటే చప్పుడు. నేనే అతికిచ్చిన. గట్టిది, డొల్లది అని రెండు లేవు దాంట్ల."

"ఎందుకు లేవు? నాకు తేడా తెల్సింది కదా."

"లేని తేడా ఎట్ల తెలుస్తదయ్యా నీకు!"

పక్కన ఇద్దరు నవ్వారు. ఉపేందర్ చెవులు ఎర్రబడ్డాయి. మొదటి రోజు, నలుగురి మధ్య, పెళ్లాం గేటు దాకా వచ్చి నీకు వినరాదు అంటే ఏ మగవాడు ఊరుకుంటాడు? "పో యమునా, ఇంటికి పో. రాత్రి మాట్లాడుదాం. నాకు ఎరుకే."

"నీకు ఎరుక లేదు కొడకా" అన్నాడు సదయ్య నెమ్మదిగా. "బిడ్డ చెప్పేది నిజం. డొల్లది ఖంగుమనది. బొద్దుగుంటది."

"బొద్దుగ అంటే ఎట్ల కాక?"

సదయ్య చెయ్యి కర్ర కోసం వెతికింది, కర్ర లేదు. ముప్పై నాలుగేళ్లు విన్నాడు కానీ ఒక్కసారీ మాటల్లో పెట్టలేదు. చుట్టూ చూశాడు. గేటు ఇనుపది, గోడ సిమెంటుది, ఏది కొట్టినా అది రాదు. లోపల షిఫ్టు సైరన్ మొదలైంది. ముందున్నవాళ్లు కదిలారు. ఉపేందర్ కూడా ఒక అడుగు వేశాడు.

ఆ డొల్ల చప్పుణ్ణి యమున ఎన్ని సార్లు విందో లెక్క లేదు. ఇరవై ఏడింటినీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో చూసి చూసి కోసింది. దానికి ముందు ఎంత నిశ్శబ్దం ఉందో, దెబ్బ ఎంత పొట్టిదో, ఆ వెనక గరగర ఎంతసేపు సాగి తెగుతుందో, సదయ్య తర్వాత ఈ భూమ్మీద ఆమెకే తెలుసు. సిగ్గుపడే తీరిక లేదు. ఉపేందర్ చెయ్యి పట్టి ఆపి, రెండు అరచేతులూ దొప్పలా నోటి ముందు పెట్టుకుని, గొంతు అడుగు నుంచి తీసింది.

"బొద్. గర్ర్ర్."

వాళ్లను దాటి పోతున్న పాత కార్మికులు ఐదారుగురు టక్కున ఆగి తలలు పైకెత్తారు. పైన తెల్లగా మండుతున్న ఆకాశం తప్ప ఏమీ లేదు. తల నెరిసిన ఒకాయన అయితే అప్పటికే ఒక అడుగు పక్కకు వేసేశాడు. తర్వాత ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇంతకుముందు నవ్విన ఇద్దరూ ఈసారి నవ్వలేదు.

ఉపేందర్ వాళ్లందరినీ చూశాడు. పక్కకు జరిగిన ఆ ముసలాయన పాదాల వైపు చూశాడు.

"ఇంకోసారి అను" అన్నాడు.

ఆమె మళ్లీ అంది. ఏడుపుకు గొంతు పగిలింది. "ఇంకింత కిందికెల్లి బిడ్డా" అన్నాడు సదయ్య. కళ్లు తుడుచుకుని, ఇంకా కిందికి దించి, మూడోసారి అంది.

ఈసారి ఉపేందర్ కూడా పైకి చూశాడు.